కార్బన్ పన్ను వేస్తే ఆ డబ్బు ఎవరికి చేరాలి? వినతిపత్రం ముసాయిదాపై శ్రీకాకుళం, విజయనగరం సభ్యుల చర్చ

గంటస్తంభం (విజయనగరం), ఆదివారం ఉదయం 7.40

సభ్యులందరికీ నమస్కారం. మన రెండు జిల్లాల పార్లమెంటు సభ్యులకు పంపడానికి ఒక వినతిపత్రం రాస్తున్నాను. పంపే ముందు మీ అభ్యంతరాలు వినాలని ఇక్కడ పెడుతున్నాను.

బొగ్గు, డీజిలు, పెట్రోలు, గ్యాసు వీటిలో ఏది కాల్చినా వెలువడే కార్బన్ డయాక్సైడుకు టన్నుకు ఇంత అని ధర కట్టి వసూలు చేయడమే కార్బన్ పన్ను. ఫిన్లాండు 1990లోను, స్వీడన్ 1991లోను దీన్ని మొదలుపెట్టాయి. మన దేశంలో ఆ పేరుతో చట్టం లేదు గాని ఆ పని కొంత చేసిన పన్ను ఉండేది. 2010 జులై 1 నుంచి బొగ్గు టన్నుకు 50 రూపాయల సెస్సు, అంటే ఒక ప్రత్యేక పని కోసమని చెప్పి వేసే పన్ను, వేశారు. 2014లో దాన్ని 100, 2015లో 200, 2016లో 400 చేశారు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్సును రద్దు చేసి, అదే 400 రూపాయలను రాష్ట్రాలకు జీఎస్టీ నష్టపరిహారం ఇవ్వడానికి వసూలు చేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది కూడా పోయింది. దాని బదులు బొగ్గు మీద జీఎస్టీ 5 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది.

నా ముసాయిదాలో మూడు కోరికలు ఉన్నాయి. పన్నును సరుకు ధర మీద కాకుండా వెలువడే కార్బన్ టన్నుల మీద వేయాలి. దాన్ని సెస్సు పేరుతో వేయకూడదు. వచ్చిన సొమ్మంతా దేశంలోని ప్రతి కుటుంబానికీ సమానంగా తిరిగి ఇవ్వాలి. లెక్క సులువుగా ఉండటానికి టన్నుకు 1000 రూపాయలు అనుకుని రాశాను.

గరివిడి ఫర్నేసు (గరివిడి), ఆదివారం ఉదయం 8.55

గంటస్తంభం గారూ, తమరు సులువుగా ఉంటుందని వేసుకున్న ఆ వెయ్యి రూపాయలు మా చీపురుపల్లి, గరివిడి, బొబ్బిలి ప్రాంతాలకు ఏ మాత్రం సులువైనవి కావు. ఉక్కు తయారీలో కలిపే సిలికో మాంగనీసు అనే మిశ్రలోహం ఒక టన్ను తీయడానికి ఫర్నేసుకు నాలుగు వేల యూనిట్ల కరెంటు కావాలి. మా సరుకు ధరలో సింహభాగం కరెంటు బిల్లే కాబట్టి యూనిట్ మీద పది పైసలు పెరిగినా యజమాని ముందుగా చూసేది హాజరు పట్టీ వైపే. 2022లో రాష్ట్రం పరిశ్రమల మీద విద్యుత్ సుంకాన్ని యూనిట్‌కు 6 పైసల నుంచి ఒక్కసారిగా రూపాయికి పెంచింది. ఆ తర్వాత నేను పనిచేసిన చోట మూడు ఫర్నేసుల్లో రెండు చల్లారిపోయాయి. ఫర్నేసు చల్లారడం ఇంట్లో పొయ్యి ఆర్పినట్టు కాదు. లోపల కరిగిన సరుకు గడ్డకట్టుకుపోతే దాన్ని డ్రిల్లులతో పగలగొట్టి తీయడానికి వారాలు పడుతుంది. ఆ వారాల పాటు నాకు కూలి దొరికింది, ఆ తర్వాత దొరకలేదు. ఇప్పుడు ఇంకొక పన్ను వేయమని మనమే వినతిపత్రం రాసుకోవడం నాకు మింగుడు పడటం లేదు.

లెక్కల మాస్టారు (చీపురుపల్లి), ఆదివారం ఉదయం 10.20

ఇద్దరి మాటల్లోనూ అంకెలు ఉన్నాయి కాబట్టి కొంచెం లెక్క వేసి చూద్దాం.

లీటరు డీజిలు కాలిస్తే సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది, పెట్రోలుకు 2.3 కిలోలు వస్తుంది. 14.2 కిలోల గ్యాసు సిలిండర్‌కు 42 కిలోల చిల్లర వస్తుంది. మన గ్రిడ్ కరెంటులో బొగ్గుదే పెద్ద వాటా కాబట్టి యూనిట్‌కు దాదాపు 0.7 కిలోలు పడుతుంది. టన్నుకు వెయ్యి అంటే కిలోకు రూపాయి. అప్పుడు డీజిలు మీద 2 రూపాయల 70 పైసలు, సిలిండర్ మీద 42 రూపాయలు, కరెంటు యూనిట్ మీద 70 పైసలు పెరుగుతాయి. యాభై కిలోల సిమెంటు బస్తా మీద ముప్ఫై రూపాయల వరకు పడుతుంది.

గరివిడి తమ్ముడి సరుకు మీద కరెంటు ద్వారా పడేది టన్నుకు 2,800 రూపాయలు. ఫర్నేసులో వేసే కోక్ (బొగ్గు నుంచి తయారుచేసే ఇంధనం) మీద పడేది దీనికి అదనం. ఇది తక్కువ మొత్తమని నేను అనను. కానీ 2022లో పెరిగిన 94 పైసల సుంకం అదే టన్ను మీద 3,760 రూపాయలు వేసింది. అంటే ఢిల్లీ నుంచి కార్బన్ పన్ను వస్తే కరెంటు మీద పడుతుందని మనం భయపడే దెబ్బ కంటే పెద్ద దెబ్బ ఏ పర్యావరణం పేరూ ఎత్తకుండానే మన మీద పడిపోయింది. పైగా ఆ సుంకం యూనిట్ల లెక్కన పడేదే గాని పొగ లెక్కన కాదు.

ఇక ఇంటి లెక్క. నెలకు వంద యూనిట్లు, ఏడాదికి ఎనిమిది సిలిండర్లు, బండికి నెలకు పది లీటర్ల పెట్రోలు వాడే కుటుంబానికి ఏడాదికి నేరుగా పడే భారం 1,450 రూపాయల దగ్గర తేలుతుంది. దేశం మొత్తం ఏడాదికి సుమారు 300 కోట్ల టన్నులు వదులుతోంది. అంతటి మీదా వసూలైతే మూడు లక్షల కోట్లు వస్తాయి. దాన్ని 140 కోట్ల మందికి పంచితే మనిషికి 2,100 పైచిలుకు, నలుగురున్న ఇంటికి ఎనిమిదిన్నర వేలు వస్తాయి.

నాగావళి (శ్రీకాకుళం), ఆదివారం ఉదయం 11.05

మాస్టారి లెక్కలో తప్పు లేదు గాని ఎనిమిదిన్నర వేలు అన్న అంకె చూసి ఎవరూ ఆశపడకూడదు. ఆ మూడు లక్షల కోట్లూ ఆకాశం నుంచి ఊడిపడవు. సిమెంటులో, లారీ కిరాయిలో, ఇనుములో, బియ్యం బస్తా రవాణాలో చేరి మన దగ్గర నుంచే వెళతాయి. సగటు కుటుంబానికి వచ్చిందీ పోయిందీ సమానమవుతుంది. సగటు కంటే తక్కువ ఖర్చు పెట్టే కుటుంబానికే మిగులు ఉంటుంది. మన రెండు జిల్లాల్లో అలాంటి కుటుంబాలే ఎక్కువ కాబట్టి నేను పన్నుకు అనుకూలమే.

అయితే గంటస్తంభం గారి రెండో కోరికకూ మూడో కోరికకూ పొత్తు కుదరదు. సెస్సుల మీద, సర్‌ఛార్జీల మీద వచ్చే సొమ్మును కేంద్రం రాష్ట్రాలతో పంచుకోనక్కర లేదు. మామూలు పన్ను అయితే పంచుకోవాల్సిందే, ఆ వాటాను పదిహేనో ఆర్థిక సంఘం 41 శాతంగా పెట్టింది. సెస్సు వద్దు, పన్నే కావాలి అంటే 41 శాతం రాష్ట్రాలకు వెళ్లిపోతుంది. అప్పుడు సొమ్మంతా కుటుంబాలకు ఇవ్వాలన్న మాట ఎలా నిలబడుతుంది?

ధర మీద కాక టన్నుల మీద వేయాలన్న మొదటి కోరికను మాత్రం గట్టిగా సమర్థిస్తాను. 2025లో జరిగిన మార్పునే చూడండి. టన్ను 1,200 రూపాయలు పలికే నాసిరకం బొగ్గు మీద అంతకుముందు 5 శాతం జీఎస్టీ 60, సెస్సు 400 కలిపి 460 రూపాయలు పడేది. ఇప్పుడు 18 శాతం చొప్పున 216 పడుతుంది. టన్ను 4,000 పలికే మేలిరకం మీద 600 ఉన్నది 720 అయింది. బూడిద ఎక్కువ, వేడి తక్కువ ఉన్న బొగ్గుకు పన్ను సగానికి పైగా తగ్గి, మంచి బొగ్గుకు పెరిగింది. దీన్ని పన్నుల సరళీకరణ అన్నారు. ఆమదాలవలస స్టేషనులో ప్యాసింజరు కోసం కూర్చున్నప్పుడు ముందుగా దాటిపోయే బొగ్గు గూడ్సును చూసినప్పుడల్లా నాకు ఈ 216 గుర్తుకు వస్తోంది.

బీల గట్టు (సోంపేట), ఆదివారం మధ్యాహ్నం 1.30

మీరంతా రూపాయల్లో మాట్లాడుతున్నారు గాని మా ఊళ్ల వాళ్లకు బొగ్గు అన్న మాట వింటే ముందుగా గుర్తొచ్చేది 2010 జులై 14. బీలలో థర్మల్ కేంద్రం వద్దని అడ్డుపడిన జనం మీద ఆ రోజు పోలీసులు కాల్పులు జరిపారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఢిల్లీలో కాగితం మీద గెలిచిన కబురు ఇక్కడ శవాల దగ్గర విన్నాం. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి, అక్కడా ప్రాణాలు పోయాయి.

పన్ను కట్టేస్తే కాల్చుకోవచ్చు అన్న పద్ధతి నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. బీల అంటే బయటివాళ్లకు బీడు. వానాకాలమంతా నీరు పట్టి ఉంచి, చేపలకూ, పశువుల మేతకూ, దిగువ పొలాలకూ ఆధారమయ్యే చిత్తడి నేల అది. దానికి టన్నుకు ఇంత అని ధర కట్టే అధికారం ఎవరికి ఉంది? ఉద్దానంలో 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ తుపానుకు మా చిన్నాన్న తోటలో నలభై కొబ్బరి చెట్లు ఉంటే ముప్ఫై ఆరు పడిపోయాయి. ఆ తర్వాత నాటిన మొక్కలు నిరుడే కాపు మొదలుపెట్టాయి. ఆ నడిమి ఏళ్లలో ఆయన కొడుకులిద్దరూ హైదరాబాదులో అపార్ట్‌మెంటు వాచ్‌మెన్లు అయ్యారు. పొగ వదిలినవాడు ఒకడు, నష్టపోయినవాడు ఒకడు అయినప్పుడు దేశంలో అందరికీ సమానంగా పంచడం న్యాయమెలా అవుతుంది?

లెక్కల మాస్టారు (చీపురుపల్లి), ఆదివారం మధ్యాహ్నం 2.45

బీల గట్టు గారూ, మీ బాధకు నా దగ్గర లెక్క లేదు. ఒక్క విషయం మాత్రం వేరు చేసి చూడాలి. కార్బన్ పన్ను బూడిదకు గాని, చిత్తడి నేల పోవడానికి గాని వేసే పన్ను కాదు. బొగ్గు శ్రీకాకుళంలో కాల్చినా, సింగ్రౌలిలో కాల్చినా వాతావరణానికి తేడా లేదు గాని బూడిద మాత్రం కాల్చిన ఊళ్లోనే పడుతుంది. పన్ను కట్టినవాడికి స్థల అనుమతి విషయంలో ఎలాంటి మినహాయింపూ ఉండదని ముసాయిదాలో ఒక వాక్యం చేర్చాలి. మీరు రాసి ఇవ్వండి.

తిత్లీ విషయంలో కూడా ఒక జాగ్రత్త కావాలి. ఫలానా తుపాను ఫలానా పొగ వల్లే వచ్చిందని చెప్పలేం. బంగాళాఖాతం నీరు వేడెక్కితే తుపానుకు బలం పెరుగుతుందన్నంత వరకు చెప్పవచ్చు.

గిరిసోలా గేటు (ఇచ్ఛాపురం), ఆదివారం సాయంత్రం 4.10

నాకు రెండు లారీలు ఉన్నాయి. మన రాష్ట్రంలో డీజిలు మీద 22.25 శాతం వ్యాటు, ఆ పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. అందుకే మా డ్రైవర్లు పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటి ఒడిశా బంకులో ట్యాంకు నింపుకుని వస్తారు. ఇచ్ఛాపురంలో బంకు పెట్టినవాళ్ల గోడు వినడానికి ఎవరూ లేరు. పన్ను వేయాల్సి వస్తే దేశమంతటా ఒకే రేటున వేయడమే మేలు, రాష్ట్రానికొక రేటు పెడితే పొగ తగ్గదు, బంకు మాత్రం మారుతుంది.

మూడో సిలిండర్ (ఇచ్ఛాపురం), ఆదివారం సాయంత్రం 6.25

తిరిగి ఇస్తారు అన్న మాట దగ్గర నేను కొంచెం ఆగాలి. దీపం-2 పథకాన్ని 2024 నవంబరు 1న ముఖ్యమంత్రి ప్రారంభించింది మా మండలంలోని ఈదుపురంలోనే. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. అయితే ఉచితం అంటే ముందు మనం పూర్తి ధర కట్టాలి, ఆ తర్వాత డబ్బు ఖాతాలో పడుతుంది. నాకు మొదటి సిలిండర్ డబ్బు రెండు రోజుల్లోనే పడింది. రెండోసారి పడలేదు. గ్యాసు కనెక్షను మా అత్తగారి పేరున ఉంది, ఆధారు లింకైన ఖాతా ఆవిడకు ఎప్పుడో పింఛను కోసం తెరిచిన పాత ఖాతా. అది వాడకంలో లేదని బ్యాంకులో చెప్పడానికి మూడు సార్లు తిప్పించుకున్నారు. మూడోసారి పాసుబుక్కు ముద్రించి ఇచ్చినప్పుడు చూస్తే డబ్బు పడిందన్న వరుస కిందనే కనీస నిల్వ లేదన్న కోత వరుస కూడా ఉంది.

పెంపు మాత్రం ఏ కాగితమూ అడగకుండా, ఏ ఖాతా నంబరూ చూడకుండా ఇంటికి వచ్చేస్తుంది. కరెంటు బిల్లులో ఇంధన సర్దుబాటు కింద యూనిట్‌కు 40 పైసలు పడిన నెలల్లో నన్ను ఎవరూ సంతకం అడగలేదు. సీతంపేట కొండల్లో ఇంకా కట్టెలకూ గ్యాసుకూ మధ్య ఊగుతున్న ఇళ్లు ఉన్నాయి. సిలిండర్ మీద 42 పెరిగి, తిరిగి రావలసింది మూడు నెలలు ఆలస్యమైతే ఆ ఇళ్లు కట్టెలకే వెళ్లిపోతాయి. కాబట్టి పంపిణీ ముందు జరగాలి, పన్ను తర్వాత మొదలవ్వాలి.

గంటస్తంభం (విజయనగరం), ఆదివారం రాత్రి 8.50

అమ్మా, మీరు చెప్పిన క్రమం ఒప్పుకుంటున్నాను. కెనడా అనుభవం దీన్నే చెబుతోంది. అక్కడ 2019 నుంచి కేంద్రం వసూలు చేసిన ఇంధన పన్నులో దాదాపు 90 శాతాన్ని కుటుంబాలకు తిరిగి ఇచ్చింది. బంకు దగ్గర పెంపు ప్రతి వారం కళ్ల ముందు కనిపించింది గాని ఏడాదికి నాలుగుసార్లు ఖాతాలో పడే సొమ్ము ఎందుకు పడుతోందో చాలామందికి తెలియలేదు. ప్రతిపక్షం దాన్నే ఎన్నికల నినాదం చేసుకుంది, చివరికి అధికార పక్షం నుంచే వచ్చిన కొత్త ప్రధాని మార్క్ కార్నీ 2025 ఏప్రిల్ 1 నుంచి దాన్ని ఎత్తేశారు. ఆస్ట్రేలియా 2012 జులైలో టన్నుకు 23 డాలర్లతో మొదలుపెట్టి 2014 జులైలో రద్దు చేసుకుంది. ఫ్రాన్సులో 2018లో ఇంధన పన్ను పెంపు మీద పసుపు చొక్కాల వాళ్లు రోడ్డెక్కాక ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

నాగావళి గారు ఎత్తి చూపిన వైరుధ్యం నిజమే. నేను ముసాయిదా రాసేటప్పుడు సెస్సు మీద కోపంతో రాశాను, దాని చట్టం చూడలేదు. 2010-11 నుంచి 2017-18 వరకు బొగ్గు సెస్సు కింద 86 వేల కోట్లకు పైగా వసూలైతే, దాని కోసమే పెట్టిన జాతీయ స్వచ్ఛ ఇంధన నిధికి చేరింది 30 వేల కోట్ల లోపే, అందులో ప్రాజెక్టుల మీద ఖర్చయింది 16 వేల కోట్ల లోపే. నా కోపం అక్కడి నుంచి వచ్చింది.

నాగావళి (శ్రీకాకుళం), ఆదివారం రాత్రి 9.30

ఆ కోపానికి జవాబు కూడా అదే 400 రూపాయల్లో ఉంది గంటస్తంభం గారూ. 2017కు ముందు ఆ సొమ్ము ఖజానాలో పడేది, అందులోంచి నిధికి ఎంత ఇవ్వాలన్నది ఏటా బడ్జెట్ దయ. 2017లో చేసిన జీఎస్టీ నష్టపరిహార చట్టం ఆ 400తో సహా ఆ సెస్సు సొమ్మును వేరే నిధిలో వేసి, రాష్ట్రాలకు పరిహారంగా ఇవ్వాలని కట్టుబాటు పెట్టింది. రాష్ట్రాలకు అది చేరింది, పరిహారం సరిపోక తీసుకున్న అప్పు కూడా దాంతోనే తీర్చారు. వసూలు చేసినవాళ్లు వాళ్లే, టన్ను మీద పడిన రూపాయలు అవే. తేడా అంతా చట్టంలో రాసిన తీరులో ఉంది. కాబట్టి సెస్సు వద్దు అనకుండా, సెస్సే వేసి దాని చేరవేత చట్టంలోనే రాయమని అడగాలి.

దీనికి ఒక చిక్కు కూడా ఉంది. పొలాల మోటార్లకు ఉచిత కరెంటు ఇచ్చేది రాష్ట్రం. బొగ్గు మీద పన్ను పడితే ఆ సబ్సిడీ బిల్లు రాష్ట్రం మీదే పెరుగుతుంది, సెస్సు మాత్రం కేంద్రానికి వెళుతుంది. యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకే ఇవ్వాలి కాబట్టి అక్కడ పెరిగే ఖర్చు కేంద్రం సబ్సిడీలో కలుస్తుంది. అందుచేత సొమ్మంతా కుటుంబాలకే అనడం కుదరదు, రాష్ట్రాల విద్యుత్ సబ్సిడీకి పడే అదనపు భారాన్ని ముందుగా తీసి పక్కన పెట్టాలి.

గరివిడి ఫర్నేసు (గరివిడి), సోమవారం ఉదయం 6.15

రాత్రంతా ఆలోచించాను. యూరపు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే చెబుతాను. వాళ్లు 2023 అక్టోబరు నుంచి తమ సరిహద్దులో దిగుమతి సరుకు కార్బన్ లెక్కలు అడిగారు, 2026 జనవరి 1 నుంచి దాని ఖర్చు మొదలైంది. ఇనుము, ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు అందులో ఉన్నాయి. ఫెర్రో మాంగనీసు, ఫెర్రో క్రోము ఉన్నాయి గాని మా సిలికో మాంగనీసు ప్రస్తుత జాబితాలో లేదు. మాకు ఊరటే. కానీ మా సరుకు కొనేది ఉక్కు కర్మాగారాలు, వాళ్ల ఉక్కు జాబితాలో ఉంది. రేపు వాళ్లు మమ్మల్ని కూడా లెక్క అడగవచ్చు.

తయారైన దేశంలోనే కార్బన్‌కు ధర కట్టి ఉంటే యూరపు తన లెక్కలో దాన్ని తగ్గిస్తుంది. అంటే ఎగుమతి సరుకు మీద ఎలాగూ కట్టే డబ్బును బ్రసెల్సులోని యూరపు కూటమికి కట్టడమా, ఢిల్లీకి కట్టడమా అన్నదే ప్రశ్న. ఇప్పటికి కేంద్రం పన్ను కాకుండా కార్బన్ క్రెడిట్ల వ్యాపారం (లక్ష్యం కంటే తక్కువ పొగ వదిలినవాళ్లు ఆ మిగులును ఇతరులకు అమ్ముకునే పద్ధతి) దారి పట్టింది. 2025 అక్టోబరులో అల్యూమినియం, సిమెంటు, క్లోర్ ఆల్కలీ (కాస్టిక్ సోడా, క్లోరిన్ తయారీ), కాగితం పరిశ్రమలకు తొలి విడత లక్ష్యాలు పెట్టారు. అందులో బొగ్గు కరెంటు కేంద్రాలు లేవు. సరుకు టన్నుకు ఎంత పొగ అన్నదే అక్కడ లక్ష్యం కాబట్టి సరుకు ఎక్కువ చేస్తే మొత్తం పొగ పెరగవచ్చు కూడా.

నేను పన్నుకు ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. ఆ రోజు నుంచి రాష్ట్రం విద్యుత్ సుంకాన్ని పాత 6 పైసలకు తేవాలి. ఒకే యూనిట్ మీద రెండు చేతులూ పడితే మిగిలిన ఒక్క ఫర్నేసూ ఉండదు.

పిక్కల బస్తా (పలాస), సోమవారం ఉదయం 9.00

మాది ఎనభై కిలోల బస్తాల లెక్కన జీడి పిక్కలు కొని కాల్చి పప్పు తీసే చిన్న కార్ఖానా. మా బాయిలరులో జీడి తొక్కే కాలుస్తాం. పొగ గొట్టం ఉన్న ప్రతివాడూ పన్ను కట్టాలా?

లెక్కల మాస్టారు (చీపురుపల్లి), సోమవారం ఉదయం 9.20

అక్కరలేదు. తొక్క, ఊక, పిప్పి వంటివి చెట్టు గాలి నుంచి తీసుకున్న కార్బన్‌నే తిరిగి వదులుతాయి కాబట్టి సాధారణంగా వాటిని ఈ లెక్కలోకి తీసుకోరు. పన్ను గని దగ్గర, రేవు దగ్గర, చమురు శుద్ధి కర్మాగారం దగ్గర వేస్తారు గాని ఊరి గొట్టాల దగ్గరకు ఇన్‌స్పెక్టర్లు రారు. మీ ప్యాకింగు గదిలో కరెంటు మీద మాత్రం 70 పైసలు పడుతుంది.

వలస తెప్ప (భావనపాడు), సోమవారం రాత్రి 10.40

మా అన్నదమ్ములం ముగ్గురం. ఇద్దరం ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్ల మీద ఉంటాం, ఒకడు ఇక్కడ చిన్న మోటారు బోటు నడుపుతాడు. బోటుకు రోజుకు ఇరవై లీటర్ల డీజిలు అంటే 54 రూపాయలు పెరుగుతుంది. ప్రభుత్వం బోటు డీజిలు మీద లీటరుకు 9 రూపాయల రాయితీ ఇస్తోంది గనుక దాన్ని సర్దుకోవచ్చు.

నా ప్రశ్న వేరు. మా ముగ్గురికీ కలిపి ఒకే రేషను కార్డు ఉంది, అందులో పదకొండు మందిమి ఉన్నాం. కుటుంబానికి ఇంత అని గంటస్తంభం గారు రాశారు. హైదరాబాదులో ఇద్దరే ఉన్న ఇంటికి ఎంత వస్తుందో మా పదకొండు మందికీ అంతే వస్తుందా? వచ్చినా ఆ డబ్బు కార్డు మీద మొదటి పేరున్న మా అమ్మ ఖాతాలో పడుతుంది. వెరావల్‌లో గ్యాసు, కరెంటు ఖర్చులు మా ఇద్దరివి.

గంటస్తంభం (విజయనగరం), మంగళవారం ఉదయం 7.15

బాబూ, మీరు అడిగింది ముందే నాకు తట్టి ఉండాల్సింది. లెక్కల మాస్టారు మొదటి రోజే మనిషికి 2,100 అని లెక్క వేస్తే నేను దాన్ని కుటుంబానికే అని చదువుకున్నాను. ముసాయిదాను ఇలా మార్చాను.

సెస్సు వద్దన్న వాక్యం తీసేశాను. సెస్సు సొమ్ము వేరే నిధిలోకి వెళ్లాలని, రాష్ట్రాల విద్యుత్ సబ్సిడీకి పడే అదనపు భారం పోగా మిగిలినది ప్రజలకే చేరాలని చట్టంలోనే రాయాలన్నాను. మొదటి విడత పంపిణీ జరిగిన తర్వాతే పన్ను మొదలవ్వాలని, పంపిణీ ఖాతా నుంచి కనీస నిల్వ పేరుతో కోత ఉండకూడదని చేర్చాను. స్థల అనుమతుల గురించి బీల గట్టు గారు రాసి పంపిన రెండు వాక్యాలను యథాతథంగా పెట్టాను. విద్యుత్ సుంకం రాష్ట్రానిది కాబట్టి గరివిడి వారి షరతును మన శాసనసభ్యులకు రాసే వేరే కాగితంలో పెడుతున్నాను. ‘కుటుంబానికి’ అని ఉన్న నాలుగు చోట్లా ‘మనిషికి’ అని దిద్దాను. పిల్లల వాటా తల్లి ఖాతాలో వేయాలా, పూర్తి వాటా ఇవ్వాలా, సగమా అన్నది మాత్రం ఖాళీగా వదిలాను. శుక్రవారం లోపు చెబితే శనివారం టపాలో వేస్తాను.

మూడో సిలిండర్ (ఇచ్ఛాపురం), మంగళవారం ఉదయం 7.50

పూర్తి వాటా, తల్లి ఖాతాలో. ఆ ఖాతా వాడకంలో ఉందో లేదో పన్ను మొదలవకముందే బ్యాంకు వాళ్లే చూసి చెప్పాలని కూడా రాయండి.